డెరివేటివ్ సున్నా చేశాక కూడా జవాబు కుదరడం లేదు: గరిష్ఠ, కనిష్ఠ అన్వయ లెక్కల్లో ఏం చూసుకోవాలి?

సున్నావాలు అడిగిన ప్రశ్న:

అవకలనం వరకు ఇబ్బంది లేదు. ప్రమేయం చేతికిస్తే డెరివేటివ్ తీసి, సున్నాకు సమానం చేసి, విలువ కట్టగలను. మాటల్లో ఇచ్చిన లెక్కల దగ్గరే తేడా వస్తోంది. మూడు పెడుతున్నాను.

మొదటిది తీగ లెక్క. 100 సెం.మీ. తీగను రెండు ముక్కలు చేసి ఒకదాన్ని చతురస్రంగా, రెండోదాన్ని వృత్తంగా వంచాలి. రెండింటి వైశాల్యాల మొత్తం గరిష్ఠం కావాలి. చతురస్రానికి చ సెం.మీ. ఇస్తే

మొత్తం వైశాల్యం = చ²/16 + (100 − చ)²/(4π)

డెరివేటివ్ సున్నా చేస్తే చ = 400/(4 + π), అంటే సుమారు 56. జవాబుల పట్టికలో మాత్రం "తీగంతా వృత్తానికే" అని ఉంది.

రెండోది పడవ లెక్క. తిన్నటి ఒడ్డుకు 3 కి.మీ. దూరంలో నీటిలో పడవ ఉంది. పడవకు సరిగ్గా ఎదురుగా ఒడ్డు మీద ఉన్న చోటు నుంచి, ఒడ్డు వెంబడి 3 కి.మీ. అవతల గమ్యం. తెడ్డు వేస్తే గంటకు 4 కి.మీ., ఒడ్డున నడిస్తే 5 కి.మీ. ఎదుటి చోటు నుంచి ద కి.మీ. దూరాన దిగితే

కాలం = √(ద² + 9)/4 + (3 − ద)/5

ఇక్కడ ద = 4 వస్తుంది, కాలం 1.05 గంటలు. పట్టికేమో నేరుగా గమ్యానికే తెడ్డు వెయ్యాలి, కాలం 1.06 గంటలు అంటోంది. కనిష్ఠం అడిగారు, 1.05 తక్కువ కదా?

మూడోది డబ్బా. 1000 ఘన సెం.మీ. పట్టే స్తూపాకారపు డబ్బాకు తక్కువ రేకు పట్టాలంటే, మూత ఉంటే ఎత్తు వ్యాసంతో సమానమట, మూత లేకపోతే వ్యాసార్ధంతో సమానమట. ఒక్క మూత తీసేస్తే ఆకారం అంతలా ఎందుకు మారుతుంది? అసలు ఇలాంటి లెక్కను ఏ వరసలో మొదలుపెట్టాలి?

అంచుకాపలా జవాబు:

మొదటి రెండింటి జబ్బు ఒకటే. చలరాశి ఎక్కడి నుంచి ఎక్కడి దాకా తిరగొచ్చో, అంటే ప్రమేయపు ప్రదేశం ఏమిటో మీరు రాసుకోలేదు. సమీకరణం రాసిన వెంటనే, డెరివేటివ్ తియ్యకముందే, దాని పక్కన హద్దులు రాయాలి.

తీగలో 0 ≤ చ ≤ 100. ఇప్పుడు మీ ప్రమేయాన్ని ఒకసారి చూడండి. అది చ చలరాశిగా ఉన్న రెండో ఘాత ప్రమేయం, చ² గుణకం ధనాత్మకం. అంటే పైకి తెరుచుకున్న పరావలయం. దాని అడుగున ఉండేది కనిష్ఠం, గరిష్ఠం లోపల ఎక్కడా ఉండదు, రెండు చివరల్లో ఏదో ఒకదాని దగ్గరే ఉండాలి. విలువలు కడితే సరి:

చ = 0 దగ్గర 10000/(4π) ≈ 795.8 చ.సెం.మీ.
చ = 100 దగ్గర 625
చ ≈ 56 దగ్గర సుమారు 350

మీకొచ్చిన 56 తప్పు లెక్క కాదు, అడగని ప్రశ్నకు సరైన జవాబు. వైశాల్యం కనిష్ఠం చెయ్యమంటే అదే రాయాలి. అక్కడ చతురస్రం భుజం 14.0, వృత్తం వ్యాసం కూడా 14.0 వస్తాయి, కట్టి చూడండి.

ఇందులో ఇంకో మెలిక ఉంది. "తప్పనిసరిగా రెండు ముక్కలు చెయ్యాలి, రెండు ఆకారాలూ ఉండాలి" అని ప్రశ్నలో ఉంటే హద్దులు 0 < చ < 100 అవుతాయి, చివరలు లెక్కలోకి రావు. అప్పుడు గరిష్ఠం అనేదే లేదు. చను సున్నాకు ఎంత దగ్గరగా తీసుకెళ్తే వైశాల్యం 795.8కు అంత దగ్గరవుతుంది, కానీ ఆ విలువను అందుకోదు. ప్రశ్నపత్రం తయారుచేసేవాళ్లు ఈ మాట విషయంలో అంత జాగ్రత్తగా ఉండరు. అందుకే మీరు ఏ హద్దులు అనుకున్నారో జవాబులో ఒక ముక్క రాసిపెట్టండి.

పడవ లెక్క ఇంతకన్నా మంచిది. ద = 4 అంటే గమ్యం దాటి 1 కి.మీ. ముందుకెళ్లి దిగడం. అక్కడి నుంచి వెనక్కి నడవాలి, 1/5 గంట పడుతుంది. మీ సమీకరణంలో (3 − ద)/5 మాత్రం −1/5 అయింది. నడక కాలాన్ని కలపాల్సిన చోట తీసేశారు. ద = 4 దగ్గర అసలు కాలం 1.25 + 0.2 = 1.45 గంటలు. మీకు కనిపించిన 1.05 ఏ ప్రయాణానికీ చెందని అంకె.

సరైన నడక దూరం |3 − ద|. 0 నుంచి 3 వరకు మీ సమీకరణం నిజమే, ఆ మేరలో డెరివేటివ్ అంతటా రుణాత్మకం, కాలం తగ్గుతూనే వస్తుంది. 3 దాటాక వెనక్కి నడక మొదలై కాలం పెరుగుతుంది. ద = 3 దగ్గర గ్రాఫ్‌కు మొన ఉంటుంది, అక్కడ డెరివేటివే లేదు. కనిష్ఠం ఆ మొన దగ్గరే: √18/4 ≈ 1.061 గంటలు.

ఇంకో సంగతి. డెరివేటివ్ సున్నా చేస్తే ద/√(ద² + 9) = 4/5 వస్తుంది. ఇందులో గమ్యం దూరం లేనే లేదు. గమ్యం 10 కి.మీ. అవతల ఉన్నా 50 కి.మీ. అవతల ఉన్నా దిగాల్సింది 4 కి.మీ. దగ్గరే. గమ్యం 4 కి.మీ. లోపు ఉంటే నేరుగా వెళ్లడమే. ఎడమ పక్క ఉన్నది పడవ దారికీ, ఒడ్డుకు గీసిన లంబానికీ మధ్య కోణపు సైన్. కుడి పక్క ఉన్నది రెండు వేగాల నిష్పత్తి. కాంతి వక్రీభవన నియమాన్ని ఫ్రెంచి గణితజ్ఞుడు ఫెర్మా 1662లో కనిష్ఠ కాలం నుంచి రాబట్టింది ఇదే తర్కంతో. తెడ్డు వేగం నడక వేగానికి సమానమైనా, దాన్ని మించినా సైన్ 1కి తక్కువ కాదు కాబట్టి క్రిటికల్ పాయింట్ (డెరివేటివ్ సున్నా అయ్యే చోటు) అసలు దొరకదు. ఆ సందర్భంలో కూడా నేరుగా వెళ్లడమే జవాబు.

స్పర్శరేఖ జవాబు:

డబ్బా సంగతి నేను చెప్తాను. వరస గురించి అడిగారు కాబట్టి రాసుకునే పద్ధతిలోనే చూపిస్తాను.

ముందు బొమ్మ. వ్యాసార్ధం వ, ఎత్తు ఎ. తర్వాత రెండు వాక్యాలు విడివిడిగా: "తగ్గించాల్సింది రేకు వైశాల్యం స", "మారకూడనిది ఘనపరిమాణం 1000". చాలామంది ఈ రెండింటినీ కలిపేసి, 1000కి డెరివేటివ్ తియ్యబోతారు. అంకె ఇచ్చి మారకూడదన్నది షరతు. "అతి తక్కువ", "అతి ఎక్కువ" అన్న మాట దేనికి తగులుతుందో అది ప్రమేయం.

స = 2πవ² + 2πవఎ
షరతు: πవ²ఎ = 1000

షరతులోంచి ఎ = 1000/(πవ²). ఎత్తును తొలగించడం తేలిక, ఎందుకంటే అది మొదటి ఘాతంలోనే ఉంది. వను తొలగించబోతే వర్గమూలాలు నెత్తిన పడతాయి.

స = 2πవ² + 2000/వ, వ > 0
స′ = 4πవ − 2000/వ² = 0
వ³ = 500/π ≈ 159.15, వ ≈ 5.42 సెం.మీ., ఎ ≈ 10.84 సెం.మీ., స ≈ 553.6 చ.సెం.మీ.

మూత లేకపోతే మొదటి పదం πవ² అవుతుంది. వ³ = 1000/π, వ = ఎ ≈ 6.83, స ≈ 439.4.

ఎందుకంత మార్పు అన్నదానికి రెండింటినీ కలిపి చెయ్యండి. అడుగు, మూత కలిపి క × πవ² ఖర్చు అనుకుందాం. మూత ఉంటే క = 2, లేకపోతే క = 1. అప్పుడు స = కπవ² + 2000/వ. డెరివేటివ్ సున్నా చేస్తే కπవ³ = 1000. కానీ 1000 అంటే πవ²ఎ. కొట్టేస్తే మిగిలేది

ఎ = క × వ

అంతే. ఘనపరిమాణం ఎంతన్నది కూడా అక్కర్లేదు. మూత పోతే గుండ్రటి పళ్లేల (అడుగు, మూతల) ఖర్చు సగమైంది, కాబట్టి వెడల్పు చెయ్యడం చవకైంది, డబ్బా పొట్టిదైంది. పైనా కిందా రేకు రెండింతలు ఖరీదైతే క = 4, ఎత్తు వ్యాసానికి రెండింతలు. గుండ్రటి పళ్లేలను చదరపు ముక్కల్లోంచి కోసి మిగిలింది పారేస్తే, ఒక్కో పళ్లేనికి 4వ² రేకు పోతుంది, రెండింటికి 8వ². అంటే క = 8/π ≈ 2.55. ఈ సందర్భంలో 1000 ఘన సెం.మీ.కి వ సరిగ్గా 5 వస్తుంది, ఎ ≈ 12.73. దుకాణాల్లో కనిపించే చాలా డబ్బాలు ఎత్తు = వ్యాసం లెక్క కన్నా పొడుగ్గా ఉండటానికి వృథా రేకు, మందపాటి మూతలు కొంత కారణం. చేతిలో ఇమడటం, పెట్టెలో సర్దడం లాంటివి ఈ సమీకరణానికి తెలియవు.

సరిచూసుకోవడానికి ఒక ఒడుపు: ఒక పదం వ²తో, ఇంకో పదం 1/వతో ఉంటే, కనిష్ఠం దగ్గర రెండో పదం మొదటిదానికి సరిగ్గా రెండింతలు ఉండాలి. పైన 184.5, 369.1. లేకపోతే ఎక్కడో గుణకం జారింది. ఎక్కువగా జారేది 2πవఎలోని 2.

తొలగించకుండా కూడా చెయ్యొచ్చు. ఎను వకు ప్రమేయంగా ఉంచి షరతుకే అవకలనం చెయ్యండి: 2వఎ + వ²ఎ′ = 0, అంటే ఎ′ = −2ఎ/వ. దీన్ని స′ = 4πవ + 2πఎ + 2πవఎ′లో పెడితే 4πవ − 2πఎ = 0, ఎ = 2వ. భిన్నాలు లేవు, ఘనమూలం లేదు. నిష్పత్తి మాత్రమే అడిగిన లెక్కల్లో ఇదే దగ్గరి దారి.

మూడోమెట్టు జవాబు:

స్పర్శరేఖ గారి లెక్క బాగుంది, కానీ వ ≈ 5.42 దగ్గర ఉన్నది కనిష్ఠమేనని చూపించలేదు. చాలామంది ఇక్కడ "రెండో డెరివేటివ్ ధనాత్మకం" అని ఒక వాక్యం రాసి వదిలేస్తారు. ఆ ఒక్క బిందువు దగ్గర స″ > 0 అయితే తెలిసేది స్థానిక కనిష్ఠమని (చుట్టుపక్కల వరకే కనిష్ఠమని) మాత్రమే. డబ్బాలో స″ = 4π + 4000/వ³, ఇది వ > 0 అన్నంత మేరా ధనాత్మకం. "అంతటా" అన్న మాట రాస్తేనే నిరూపణ పూర్తవుతుంది. హద్దులు 0 నుంచి అనంతం దాకా ఉన్నప్పుడు రెండు కొసలూ చూడటం ఇంకో మార్గం: వ సున్నాకు చేరుతుంటే 2000/వ పెరిగిపోతుంది, వ పెద్దదైతే 2πవ² పెరిగిపోతుంది, మధ్యలో క్రిటికల్ పాయింట్ ఒక్కటే ఉంది, కాబట్టి అదే కనిష్ఠం.

రెండు చివరలూ కలుపుకున్న అంతరమైతే రెండో డెరివేటివ్ జోలికే పోనక్కర్లేదు. క్రిటికల్ పాయింట్ల దగ్గర, డెరివేటివ్ లేని చోట్ల, రెండు చివరల్లో విలువలు కట్టి పోల్చండి.

సున్నావాలు:

ముగ్గురికీ ధన్యవాదాలండి. పడవ లెక్క స్పష్టమైంది. దాని పోలికే ఉన్న ఇంకోటి. అడ్డం నిరూపకం అ, నిలువు నిరూపకం ని. పరావలయం ని = అ² మీద (0, 3)కి అతి దగ్గరి బిందువు కావాలి. దూరపు వర్గం అ² + (ని − 3)². అ² బదులు ని పెడితే ని + (ని − 3)², దాంతో ని = 2.5, దూరం √2.75 ≈ 1.66. ఇది సరిపోయింది. కానీ (0, 3) బదులు (0, 0.3) తీసుకుంటే ని = −0.2 వస్తోంది. పరావలయం మీద అలాంటి బిందువే లేదు. అయినా దూరపు వర్గం 0.05 అని, దూరం 0.22 అని లెక్క వచ్చేస్తోంది. పైగా (0, 3)కి అ మీద అవకలనం చేస్తే మూడు క్రిటికల్ పాయింట్లు, ని మీద చేస్తే ఒకటే. మిగతా రెండూ ఎటు పోయాయి?

అంచుకాపలా:

రెండు ప్రశ్నలకూ జవాబు ఒకే చోట ఉంది. మీరు అ²ను తీసేసినప్పుడు దాంతోపాటు ఒక షరతు కూడా చెప్పకుండా వెళ్లిపోయింది: వర్గం రుణాత్మకం కాదు. ని ≥ 0 అని పక్కన రాసి ఉంటే −0.2 అక్కడే ఆగిపోయేది. 0.22 కూడా మీ 1.05 గంటల లాంటిదే. హద్దు బయట సమీకరణం అసలు కనిష్ఠం కన్నా "మంచి" అంకె ఇస్తుంది, అందుకే నమ్మబుద్ధవుతుంది.

ఇక క్రిటికల్ పాయింట్లు. (0, 3)కి అ మీద చేస్తే డెరివేటివ్ 2అ(2అ² − 5). సున్నాలు అ = 0, అ = ±√2.5. ఆ ±√2.5 రెండూ ని = 2.5లో కలిసిపోయాయి. అ = 0 మాత్రం నిజంగానే మాయమైంది. గొలుసు నియమం ప్రకారం అ మీద డెరివేటివ్ = ని మీద డెరివేటివ్ × 2అ. ఆ 2అ అనే కారణాంకం నిలోకి మారగానే పోయింది. దాని బదులు ని = 0 అనే అంచు వచ్చింది. క్రిటికల్ పాయింట్‌గా ఉన్నది అంచుగా మారిందన్నమాట, కాబట్టి అంచును కూడా పరీక్షించాలి.

(0, 3)కి ఆ అంచు దగ్గర దూరం 3. అది స్థానిక గరిష్ఠం, మనకు అక్కర్లేదు. (0, 0.3)కి డెరివేటివ్ 2అ(2అ² + 0.4), సున్నా అయ్యేది అ = 0 దగ్గరే. జవాబు మూలబిందువు, దూరం 0.3. సాధారణంగా (0, మ)కి ని = మ − 0.5 వస్తుంది, కాబట్టి మ 0.5 దాటితేనే దగ్గరి బిందువులు రెండవుతాయి, అప్పటిదాకా మూలబిందువే. ఆ 0.5 ఊరికే వచ్చింది కాదు, శీర్షం దగ్గర ఈ పరావలయపు వక్రతా వ్యాసార్ధం (అక్కడ వంపుకు సరిగ్గా అతికే వృత్తపు వ్యాసార్ధం) అది.

దూరానికి బదులు దూరపు వర్గం తీసుకోవడం మంచి పనే. దూరం రుణాత్మకం కాదు కాబట్టి కనిష్ఠం ఉండే చోటు మారదు. చివర్లో వర్గమూలం తియ్యడం మాత్రం మరిచిపోకండి.

స్పర్శరేఖ:

వర్గాన్ని తొలగించడం చాలా చోట్ల లాభం కూడా. గోళంలో ఇమిడే అతిపెద్ద శంకువు లెక్కలో గోళం వ్యాసార్ధం గ, శంకువు ఎత్తు ఎ, దాని అడుగు వ్యాసార్ధం వ అయితే వ² = 2గఎ − ఎ². ఘనపరిమాణంలో వ ఎప్పుడూ వర్గంగానే వస్తుంది కాబట్టి వర్గమూలం జోలికి పోకుండా π(2గఎ² − ఎ³)/3 అయిపోతుంది. ఎ = 4గ/3, శంకువు గోళంలో 8/27 వంతు. హద్దులు 0 ≤ ఎ ≤ 2గ, రెండు చివరల్లోనూ ఘనపరిమాణం సున్నా, కాబట్టి వేరే పరీక్ష అక్కర్లేదు.

దశాంశం:

ఆలస్యంగా వచ్చాను. జవాబును ఎన్ని దశాంశాల దాకా లాగాలో ఎవరూ చెప్పలేదు.

ఎ4 కాగితం (21 × 29.7 సెం.మీ.) నాలుగు మూలలా చదరాలు కత్తిరించి మూతలేని పెట్టె చెయ్యాలనుకోండి. కోత క సెం.మీ. అయితే ఘనపరిమాణం క(21 − 2క)(29.7 − 2క). డెరివేటివ్ 12క² − 202.8క + 623.7. మూలాలు 4.04, 12.86. హద్దు 10.5 కాబట్టి రెండోది పోయింది (అక్కడ ఒక వెడల్పు రుణాత్మకం). క = 4.04 దగ్గర 1128.5 ఘన సెం.మీ. కోతను చక్కగా 4 సెం.మీ. పెట్టుకుంటే 1128.4. తేడా ఒకటి రెండు చుక్కలే.

డబ్బాలో కూడా అంతే. వ్యాసార్ధం 10 శాతం అటూ ఇటూ అయితే రేకు ఒక్క శాతం మేర పెరుగుతుంది. 20 శాతం ఎక్కువైతే 3.6 శాతం. వాలు సున్నా అయిన చోట గ్రాఫ్ చదునుగా ఉంటుంది కాబట్టి చిన్న తప్పు వర్గంలో పడి ఇంకా చిన్నదవుతుంది. ద్రాక్షసారా పీపాల ఘనపరిమాణం లెక్కగడుతూ కెప్లర్ 1615 నాటికే ఈ సంగతి పట్టుకున్నాడు, అప్పటికి కలన గణితమే లేదు. నిజంగా వస్తువు తయారుచేసేవాళ్లకు క్రిటికల్ పాయింట్ మూడో దశాంశం కన్నా ఈ చదునే ఎక్కువ పనికొస్తుంది. చేతికి అందిన కొలత వాడుకోవచ్చు. కానీ కనిష్ఠం అంచు మీద ఉంటే ఈ సౌకర్యం లేదు. అక్కడ వాలు సున్నా కాదు, తప్పు నేరుగా జవాబులోకి వస్తుంది.

ఇక చలరాశి పూర్ణాంకమైతే, అంటే ఎన్ని విడతలు, ఎన్ని యంత్రాలు లాంటివైతే, దగ్గరి పూర్ణాంకానికి సవరించి రాసేస్తారు. అది ఎప్పుడూ నిజం కాదు. ఖర్చు న + 20.2/న అనుకోండి. డెరివేటివ్ ప్రకారం న = √20.2 ≈ 4.494. దగ్గరి పూర్ణాంకం 4, అక్కడ ఖర్చు 9.05. న = 5 దగ్గర 9.04. ఇలాంటి ప్రమేయంలో 4, 5 మధ్య సరిహద్దు 4.5 కాదు, √(4 × 5) ≈ 4.472. పక్కనున్న రెండు పూర్ణాంకాల దగ్గరా విలువ కట్టి పోల్చితే అర నిమిషంలో తేలిపోతుంది. ఆ రెండింటినే చూస్తే చాలు అనడానికి మాత్రం ప్రమేయం ఒక వైపు తగ్గుతూ వచ్చి, కనిష్ఠం దాటాక పెరుగుతూ పోయేదై ఉండాలి. మధ్యలో ఇంకో గుంట ఉంటే దాని పక్క పూర్ణాంకాలు కూడా కట్టాల్సిందే.